నెలవంక కోసం ఆగిన మీగడ

ఇంటర్వ్యూల సీజన్ వచ్చిందంటే మా ఇంట్లో టీ పొడి తొందరగా అయిపోతుంది. షికాగో పక్కన అరోరాలో మేం వెళ్ళే గుడికి మాస్టర్స్ చదివే పిల్లలు చాలామంది వస్తారు. శనివారం ప్రసాదం తిని, నేరుగా మా ఇంటికొచ్చి సోఫాల్లో కూలబడతారు. నేను రిటైరయ్యాను, చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను, కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. మొన్న ఒకమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, "ఆంటీ, ఇంటర్వ్యూలో ఫెయిల్యూర్ స్టోరీ ఒకటి చెప్పమంటున్నారు. నా దగ్గర ఏం లేదు. మీది ఏదన్నా ఉంటే ఇవ్వరా, కొంచెం మార్చుకుని చెప్పుకుంటా" అంది.

నవ్వాగలేదు నాకు. మా కాలంలో పక్కింటికి పోయి చక్కెర అడిగేవాళ్ళం, ఇప్పుడు ఓటమి అడుగుతున్నారు. ఇస్తానమ్మా, లేక కాదు. కాని నా దగ్గరున్నది ఇంటర్వ్యూకి పనికిరాదు. చివర్లో "దీనివల్ల నేను నేర్చుకున్నదేమిటంటే" అని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. అయినా రాస్తున్నాను. టీ తాగుతూ చదువుకోండి.

నేను పనిచేసిన కంపెనీ షికాగో శివార్లలో ఉండేది. సరుకు ఎప్పుడు తయారు కావాలి, ఏ విమానం ఎక్కాలి, ఏ దుకాణానికి ఎంత చేరాలి అని ముందుగా లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. మా కస్టమర్లలో యూరప్‌లోని ఒక పాల సహకార సంఘం ఉండేది. వాళ్ళ చిక్కటి మీగడ గల్ఫ్‌లో తెగ అమ్ముడుపోయేది. అక్కడ రంజాన్ నెలంతా, అందులోనూ పండగ ముందురోజు, మీగడ కూరి చేసే మిఠాయిలకి గిరాకీ అంతా ఇంతా కాదు. ఏళ్ళ తరబడి నిలవుండే డబ్బా మీగడ కాదది, తాజాది. నాలుగు రోజులు ఆలస్యమైతే పులిసిపోయే సరుకు కాబట్టి విమానంలోనే పోవాలి. ఆవులు ఒక ఖండంలో, పండగ ఇంకో ఖండంలో, లెక్కలు మాత్రం ఇల్లినాయ్ మొక్కజొన్న చేల పక్కన మా ఆఫీసులో. లోకం ఇలా ఎందుకు తిరుగుతోందని నన్నడక్కండి, నాకు జీతం ఇచ్చారు, నేను చేశాను.

అటు యూరప్‌లో ఫ్యాక్టరీ మేనేజర్ ఒకావిడ. ఇంచుమించు నా వయసు. మీటింగ్ తొమ్మిదింటికి అంటే తొమ్మిదింటికే గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. ఇటు గల్ఫ్‌లో ఆ మీగడ కొని మిఠాయి దుకాణాలకు వేసే వ్యాపారి. పెద్దాయన. ఆయన తండ్రి కాలం నుంచీ ఆ ఇంటివాళ్ళు కొనేది ఆ ఫ్యాక్టరీ మీగడే. ఫోన్లోకి వస్తే ముందు అందరి ఆరోగ్యాలూ అడగాలి, మా పిల్లల చదువులు అడగాలి, షికాగోలో చలి ఎంతుందో అడగాలి, ఆ తర్వాతే సరుకు. ఆ సేపంతా ఆవిడ పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టే చప్పుడు మాకు వినబడేది.

ఇద్దరి మధ్యా ఏటా ఒకటే తగువు. పండగ ఎప్పుడు?

"తేదీ చెప్పండి. ఒక్క తేదీ" అనేది ఆవిడ. "ఆవుకి పండగ తెలియదు. రోజూ పాలిస్తుంది. ఆ పాలు మీగడ చేయాలా, వెన్న చేయాలా అన్నది నాకు ముందు తెలియాలి."

"అమ్మా, నెలవంక కనబడితే రేపు. కనబడకపోతే ఎల్లుండి. ఆ సాయంత్రం మీకంటే ముందు నాకేమీ తెలియదు" అనేవాడు ఆయన. చివర్లో "ఇన్షా అల్లా" అనేవాడు. ఆ మాట వినగానే ఆవిడ పెన్ను ఇంకా గట్టిగా కొట్టేది. పని ఎగ్గొట్టడానికి చెప్పే మాట అనుకునేది పాపం. మనవాళ్ళు "చూద్దాం లెండి, దేవుడి దయ" అంటే తెల్లవాళ్ళకి ఎలా ఉంటుందో అలాగన్నమాట.

మా సాఫ్ట్‌వేర్ రాకముందు ఈ తగువు ఎలా తీరేదో తెలుసా? ఫ్యాక్టరీలో ఒక పాత గుమాస్తా ఉండేవాడట. నెలవంక కబురు రాగానే పెద్దాయన అతనికి ఫోన్ చేసి "రేపు కాదు" అనో, "రేపే" అనో చెప్పేవాడు. అతను పరుగెత్తుకెళ్ళి లారీని ఆపేవాడు, లేదా పంపేవాడు. అంతే. మేం వచ్చి ఆ ఫోన్ పీకేశాం. ఏ రోజు ఎంత మీగడో, ఏ విమానమో అన్నీ నెల ముందే లాక్ అయిపోవాలన్నాం, ఇక ఎవరూ మార్చడానికి వీల్లేకుండా. దాన్ని మేం అభివృద్ధి అనేవాళ్ళం, బోలెడు డబ్బు కూడా తీసుకున్నాం.

లాక్ చేయాలంటే తేదీ కావాలి. ఆ తేదీ దగ్గరే మా పంతులు వచ్చాడు.

అతని అసలు పేరు చెప్పను. ఆఫీసులో తెలుగువాళ్ళమందరం పంతులనే పిలిచేవాళ్ళం, తెల్లవాళ్ళకి మాత్రం అసలు పేరే తెలుసు. గోదావరి జిల్లా మనిషి. తండ్రి పంచాంగం గణించేవారట. ఇతను ఇంజనీరయ్యాడు గాని, ఆ విద్య వదల్లేదు. గ్రహణం ఏ ఊళ్ళో ఎప్పుడు పడుతుందో ఫోన్ చూడకుండా చెప్పేవాడు. శనివారాలు గుడి వంటింట్లో పులిహోర బాధ్యత అతనిదే. మనిషి సరదాగా ఉండేవాడు, కాని లెక్క దగ్గరికొస్తే మాత్రం మొండి.

మా కంపెనీ ఉద్యోగి కాదు. ఒక కన్సల్టెన్సీ ద్వారా మాకు పనిచేసేవాడు, హెచ్ వన్ వీసా మీద. గ్రీన్ కార్డ్ ఫైలు ఎప్పుడో వేశారు, అది ఎక్కడుందో వేసినవాళ్ళకే తెలియదు. కూతురు హైస్కూల్లో పదకొండో క్లాసు. ఇక్కడ పుట్టని పిల్ల, ఇక్కడ తప్ప ఇంకెక్కడా పెరగని పిల్ల. ఆ ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే ఇంటిల్లిపాదీ పెట్టెలు సర్దుకోవాలి. ఇదంతా మీకు చెప్పనక్కర్లేదు, మీరూ ఆ క్యూలో నిలబడబోయేవాళ్ళే.

తేదీ సంగతి నేను మీటింగ్‌లో ఎత్తగానే పంతులు నవ్వేశాడు. "అక్కా, దీనికింత గొడవెందుకండీ? చంద్రదర్శనం ఎప్పుడో మన పంచాంగంలో ఉంటుంది కదా. ఆ ఊరి అక్షాంశం, సూర్యాస్తమయం వేసి ఓ గంటలో తేల్చేస్తాను. పదేళ్ళకి కావాలన్నా ఇస్తా."

"ఖాయమేనా పంతులూ? మల్ల తేడా వస్తే నా నెత్తి మీదికొస్తది."

"తేడాలు మనుషులకొస్తాయి గాని, చంద్రుడికేంటక్కా తేడా?"

టీమ్ లీడ్‌ని నేను. సరే అన్నాను. ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే చిత్రంగా ఉంటుంది. నేను పెరిగింది నిజామాబాద్‌లో. మా వీధిలో సగం ఇళ్ళు ముస్లిముల ఇళ్ళు. రంజాన్ ఆఖరి సాయంత్రం పిల్లలందరం డాబాల మీదికెక్కి పడమర వైపు కళ్ళు చికిలించి చూసేవాళ్ళం. బడికి సెలవు రేపా, ఎల్లుండా అన్నది ఆ నెలవంక మీదే ఆధారపడి ఉండేది మరి. మబ్బు పడితే మా ఏడుపు చూడాలి. అంత తెలిసిన దాన్ని, స్క్రీన్ మీద అంకె కనబడగానే ఆ డాబా మొత్తం మర్చిపోయాను. మనకి తిథి అంటే లెక్క. అమావాస్య మబ్బుల్లో ఉన్నా అమావాస్యే. ఏకాదశికి ఉపవాసం ఉండాలంటే ఎవరూ ఆకాశం వంక చూడరు, క్యాలెండర్ వంక చూస్తారు. లోకమంతా అంతే అనుకున్నాం.

మూడేళ్ళు పంతులు లెక్క అచ్చంగా కలిసింది. ఆవిడ సంతోషానికి హద్దు లేదు. "చివరికి ఎవరో ఒకరు నాకు తేదీ ఇచ్చారు" అని మాకు క్రిస్మస్‌కి చాక్లెట్లు పంపింది. పెద్దాయన మాత్రం ప్రతిసారీ "బాగుంది, అయినా సాయంత్రం ఫోన్ చేస్తాను" అనేవాడు. చేసేవాడు కూడా. మేం ఎత్తి "అవునండీ, మాకు ముందే తెలుసు" అనేవాళ్ళం. ఆ జవాబు ఎంత పొగరుగా ఉందో అప్పుడు తోచలేదు.

నాలుగో ఏడు వచ్చింది.

అక్కడ సాయంత్రమంటే మాకు పొద్దున. ఆఫీసుకొచ్చి కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాం. పంతులు లెక్క ప్రకారం ఆ సాయంత్రం నెలవంక కనబడాలి, మర్నాడు పండగ. సాఫ్ట్‌వేర్ ఆ ప్రకారమే ఆఖరి మీగడ విమానాన్ని ముందురోజు పంపేసింది, ఆ రాత్రి విమానాన్ని రద్దు చేసింది. ఫ్యాక్టరీకి ఆ రోజు పాలన్నీ వెన్నకి మళ్ళించమని చెప్పింది. అంతా సవ్యంగా, ముద్దుగా పచ్చ రంగులో ఉంది.

ఫోన్ మోగింది. పెద్దాయన. ఆ రోజు ఎవరి ఆరోగ్యమూ అడగలేదు.

"కనబడలేదు" అన్నాడు. "పొద్దున్నుంచీ దుమ్ము. ఆకాశమంతా ఇసుక రంగు. రేపు కూడా ఉపవాసమే. పండగ ఎల్లుండి. ఈ రాత్రి విమానంలో మీగడ పంపండి. ఇవాళ వచ్చిందంతా రేపే పండగనుకుని జనం కొనేశారు."

పంతులు ముఖం చూశాను. "లేదండీ, చంద్రుడున్నాడు" అన్నాడు మెల్లగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "సూర్యుడు కుంకాక ఇంకా అరగంట పైనే ఉంటాడు. ఉండి తీరాలి."

నేను ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "మీగడ లేదు" అంది. "మీరు చెప్పినట్టే చేశాను. అదంతా ఇప్పుడు వెన్న." విమానంలో మా చోటు ఇంకెవరికో పూలకి ఇచ్చేశారట. నేనూ పంతులూ ఆ పొద్దంతా ఫోన్లు పట్టుకుని తిరగని గుమ్మం లేదు. వేరే ఫ్యాక్టరీలని అడిగాం, వేరే విమానాలని అడిగాం. వెన్నని మళ్ళీ మీగడ చేసే మంత్రం ఎవరి దగ్గరా దొరకలేదు.

మర్నాడు పెద్దాయన ఒక ఫొటో పంపాడు. దుకాణంలో ఖాళీగా ఉన్న ఫ్రిజ్ అర, వెనక తెల్లటి లైటు. ముందు నల్లటి బురఖాలో ఒకావిడ, ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోతూ. ఫొటో కింద ఒక్క అక్షరం రాయలేదు. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

తర్వాతి వారం అందరం ఫోన్లో కూర్చున్నాం. మా వైస్ ప్రెసిడెంట్ కూడా వచ్చాడు. పొడుగ్గా, చక్కటి ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. మీగడకీ వెన్నకీ తేడా ఆ రోజు దాకా అతనికి తెలియదని నా అనుమానం. ఆ కాంట్రాక్ట్ ఆ ఏడే రెన్యూ కావాలి.

ఆవిడ మొదలుపెట్టింది. "ఎన్నేళ్ళు అడిగినా ఈయన నాకు తేదీ ఇవ్వలేదు. వీళ్ళిచ్చారు. నేను నమ్మాను."

పెద్దాయన నిదానంగా అన్నాడు. "మీరు నన్ను అడగడం మానేశారు. నా పండగ ఎప్పుడో అమెరికాలో కూర్చుని నాకే చెప్పారు. మూడేళ్ళు ఊరుకున్నాను, ఎందుకంటే మూడేళ్ళూ దేవుడు మీ పక్షాన ఉన్నాడు."

అప్పుడు పంతులు నోరు విప్పాడు. నేను వద్దని సైగ చేస్తూనే ఉన్నాను. "సర్, ఆ లెక్క నాది. లెక్క తప్పు కాదు. ఆ సాయంత్రం చంద్రుడు ఆకాశంలో ఉన్నాడు."

ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. పెద్దాయన కోప్పడలేదు. "ఉన్నాడు బాబూ, నాకూ తెలుసు. మా ఊళ్ళోనూ లెక్కలు వచ్చినవాళ్ళున్నారు. కాని ఉండటం వేరు, కనబడటం వేరు. మాకు పండగ కనబడితేనే" అన్నాడు.

ఆ తర్వాత పంతులు అడిగిన ప్రశ్నకి మేమందరం అయోమయంలో పడ్డాం. ఫ్యాక్టరీ ఆవిడని అడిగాడు: "మేడమ్, డబ్బా మీద లేబుల్ ఎప్పుడు వేస్తారు?"

"మీగడ నింపగానే. అరబిక్ లేబుల్ వేస్తే గల్ఫ్‌కి, మా భాషది వేస్తే ఇక్కడికి."

"వెయ్యకుండా ఆపితే?"

"ఎందుకు ఆపాలి?"

పంతులు అప్పుడు ఆవిడకి పులిహోర గురించి చెప్పాడు. నిజంగానే చెప్పాడు, ఇంగ్లీషులో, వైస్ ప్రెసిడెంట్ నోరు తెరుచుకుని వింటుండగా. గుడికి ఎంతమంది వస్తారో శనివారం పొద్దున ఎవరికీ తెలియదు. మంచు పడితే ఇరవైమంది, ఎండ కాస్తే మూడొందలమంది. అందుకని చింతపండు పులుసు ముందే ఉడికించి పెట్టుకుంటారు. జనం మెట్లెక్కడం చూశాక అన్నంలో కలుపుతారు. కలిపేస్తే ఇక అది పులిహోరే, వెనక్కి రాదు. కలపనంత సేపూ పులుసు పులుసే, అన్నం అన్నమే, దేనికైనా వాడుకోవచ్చు. "మీరూ లేబుల్ వేయకుండా ఆపండి మేడమ్. సాయంత్రం సర్ ఫోన్ చేస్తారు. కనబడలేదంటే అరబిక్ లేబుల్ వేసి విమానానికి పంపండి. కనబడిందంటే మీ ఊరి బేకరీలకి వేసుకోండి. ఆ ఒక్కరోజుకి లాక్ చెయ్యద్దు."

పెన్ను చప్పుడు ఆగిపోయింది. "లేబుల్ మిషన్‌కి ఎంతసేపు పడుతుందో చూడాలి" అందావిడ. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ నోట "చూడాలి" అన్న మాట నేను వినలేదు. పెద్దాయన చిన్నగా నవ్వాడు. "ఆ అన్నం పేరేమన్నారు?" అని అడిగాడు.

ఆ రోజు ఇంటికెళ్ళి నేను హాయిగా నిద్రపోయాను. గండం గడిచిందనుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు వైస్ ప్రెసిడెంట్ నన్ను గదిలోకి పిలిచాడు. కస్టమర్ ఉంటానన్నాడు, సంతోషం, కాని పైవాళ్ళకి రూట్ కాజ్ చెప్పాలి అన్నాడు. తప్పు ఎక్కడ మొదలైందో, దానికి ఎవరు బాధ్యులో. నేను మా పద్ధతిదే తప్పు అన్నాను. ఫోన్ పీకేయడం తప్పు, అడగకుండా లాక్ చేయడం తప్పు.

"అది పద్ధతి. నాకు పేరు కావాలి."

"ఒప్పుకుంది నేను. నా పేరు రాసుకోండి."

అతను నా వంక జాలిగా చూశాడు. "మీరు ఎంప్లాయీ. మీతో అంటే హెచ్‌ఆర్, లాయర్లు, నెలలు పడుతుంది. అతను కాంట్రాక్టర్. ఒక్క ఈమెయిల్ చాలు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఆఫీసులో నేను గొంతు పెంచిన రోజు అదొక్కటే. తప్పు దిద్దిందీ అతనే కదా అన్నాను. అతను లేకపోతే కస్టమరే ఉండేవాడు కాదన్నాను. ఆ ఇంట్లో హైస్కూలు పిల్ల ఉందన్నాను. అన్నీ విన్నాడు, ఎంతో మర్యాదగా విన్నాడు. నెలాఖరు దాకా ఉండనిస్తానన్నాడు, అదేదో పెద్ద దానం చేసినట్టు. అతని పైవాళ్ళ దగ్గరికీ వెళ్ళాను. వాళ్ళు ఇంకా మర్యాదగా విన్నారు.

పంతులుకి నేనే చెప్పాను, పార్కింగ్ లాట్‌లో, అతని కారు పక్కన నిలబడి. మొదట కోపం వచ్చింది. ఎందుకు రాదు? "మూడేళ్ళు కరెక్టైతే మీ టీమ్ అన్నారు, ఒక్కసారి దుమ్మొస్తే నేనా అక్కా?" అన్నాడు. కారు తలుపు తీసి, మళ్ళీ వేసి, "మా అమ్మాయికి ఎలా చెప్పనండీ" అన్నాడు. ఇద్దరం అక్కడే చలిలో నిలబడిపోయాం.

మర్నాడు వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. లేబుల్ ఆపే పనంతా, అంటే ఆ సాయంత్రం దాకా లాక్ పడకుండా ఆపి, ఫోన్ వచ్చాక ఒక్క బటన్ నొక్కితే అంతా అటో ఇటో మళ్ళిపోయేలా, ఆ నెలాఖరులోగా పూర్తి చేశాడు. మధ్యాహ్నాలు ఉద్యోగాల ఇంటర్వ్యూలు, మిగతా పూటంతా ఈ పని.

"ఎవడి కోసం చేస్తున్నవ్ పంతులూ? ఇంటికి పోయి రెజ్యూమే పంపుకోరాదు?" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"పులుసు పొయ్యి మీద పెట్టేసి వెళ్ళిపోతే మాడిపోదాండీ" అన్నాడు.

ఆ అరవై రోజుల గడువు దాటడానికి కొద్ది రోజుల ముందు న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ అతన్ని తీసుకుంది. ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్. కూతురు స్నేహితులని వదిలి రానని ఏడ్చి, మాతో కూడా మాట్లాడకుండా కారెక్కింది. ఆఫీసులో వీడ్కోలు పార్టీ పెట్టలేదు, కాంట్రాక్టర్లకి బడ్జెట్ ఉండదట. గుడి వంటింట్లో మేమే పెట్టుకున్నాం. ఆ రోజు పులిహోరలో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు.

అతను వెళ్ళాక ఆ బటన్‌కి స్క్రీన్ మీద ఒక పేరు పెట్టాల్సి వచ్చింది. ఏదో ఒకటి పెట్టమని నాకొదిలేశారు. వైస్ ప్రెసిడెంట్ పేరు కావాలన్నాడు కదా, సరే, పేరే పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దగా, "పంతులు" అని. డెమోలో వైస్ ప్రెసిడెంట్ చూసి, "ఇదేమిటి?" అన్నాడు. "తెలుగులో, వేచి చూసి చెప్పేవాడు అని అర్థం" అన్నాను, కళ్ళార్పకుండా. "బాగుంది, చాలా అర్థవంతంగా ఉంది" అన్నాడు. మా టీమ్‌లో తెలుగువాళ్ళందరూ కిందికి చూస్తూ కూర్చున్నారు, నవ్వు ఎక్కడ బయటపడుతుందోనని.

మరుసటి ఏడు ఆ సాయంత్రం, అంటే మా పొద్దున, మళ్ళీ అందరం ఫోన్లో ఉన్నాం. ఫ్యాక్టరీలో ఆవిడ స్వయంగా లేబుల్ మిషన్ దగ్గరే నిలబడి ఉందట, వెనక మోత వినబడుతూనే ఉంది. ఎవరి దగ్గరా తేదీ లేదు. ఆవిడ పెన్ను కొట్టలేదు. అంతకన్నా ఆశ్చర్యం, ఆ ఎదురుచూసే సేపట్లో ఆవిడే పెద్దాయనని మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. ఆయన సంబరంగా చెప్పుకొచ్చాడు. మధ్యలో ఆయన వెనక ఎవరో గట్టిగా ఏదో అన్నారు. పెద్దాయన "కనబడలేదు" అన్నాడు.

"పంటులు!" అని అరిచింది ఆవిడ మిషన్ వైపు తిరిగి, తన భాష యాసలో. "పంటులు! అరబిక్ లేబుల్!"

కళ్ళు చెమర్చాయి నాకు. మ్యూట్ నొక్కి, ముక్కు తుడుచుకున్నాను.

అప్పట్నుంచీ అది వాళ్ళ మాట అయిపోయింది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేటప్పుడు కూడా అలాగే చెబుతారట: ఆ ఒక్కరోజు పంటులు రోజు, ఎవరూ ఏదీ లాక్ చేయకూడదు, ఫోన్ పక్కనే ఉండాలి. గల్ఫ్‌లో దుకాణాలవాళ్ళు "రేపు బంతులా, కాదా?" అని అడుగుతారట, వాళ్ళ నోట "ప" పలకదు మరి. అది ఒక మనిషి పేరని ఆ రెండు ఖండాల్లో ఎవరికీ తెలియదు.

నేను రిటైరైన రోజు కేకు తిని ఇంటికొచ్చి పంతులుకి ఫోన్ చేశాను. ఎన్నాళ్ళగానో చెప్పాలనుకుంటూ, ఆ పాత గాయం రేపడమెందుకని ఊరుకున్న సంగతి ఇది. మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. ఆవిడ అరుపు అనుకరించి వినిపించాను. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"పంతులూ, ఉన్నవా?"

"ఉన్నానండీ. అక్కా, మీరేమీ అనుకోనంటే ఒక్కమాట. ఆ సాయంత్రం చంద్రుడు నిజంగానే ఉన్నాడండీ."

"తెలుసు నాయనా" అన్నాను. "నువ్వు కూడా ఉన్నవ్. ఆ ఆఫీసులో అంత దుమ్ముంటే ఎవరికి కనబడతవ్?"